ఆ ఓడ మళ్ళీ రాలేదన్నాను

నాకు అబద్ధమాడడం చేతకాదని మా ఊళ్ళో పేరు. బడి పిల్లాడికి చదువు అంటకపోతే అంటడం లేదని తల్లి ముఖం మీదే చెప్పేదాన్ని. పాస్టరుగారి ప్రసంగం సాగతీతగా ఉంటే, ఆయన మా ఇంట్లో చాయ్ తాగుతుండగానే చెప్పేదాన్ని. "పంతులమ్మ కుండ బద్దలు కొట్టినట్టు చెప్తది, ఆమె మాటంటే మాటే" అనేవాళ్ళు. ఇప్పుడెవరైనా ఆ మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మా నాయన భూమి గురించి చెప్పాలి. భూమి గురించి చెప్పాలంటే ఎక్కడో చలి సముద్రంలో, దీవుల మీద బతికిన హైడా అనే జనం గురించి చెప్పాలి.

మా ఊరు పటాన్‌చెరు దాటాక, రుద్రారం రాకముందు, బొంబాయి రోడ్డు నుంచి లోపలికి నడిచిపోయేంత దూరంలో ఉండేది. ఉండేది అనే అంటున్నాను. అరవైలలోనే అటు హైదరాబాదు వైపు పెద్ద ఫ్యాక్టరీలు లేచాయి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు క్వార్టర్లలో దిగారు. వాళ్ళ పిల్లల ఇస్త్రీ బట్టలు చూసి మావాళ్ళు ముచ్చటపడ్డారే తప్ప, ఆ గోడలు ఇటు కూడా వస్తాయని ఎవరూ అనుకోలేదు.

డెబ్బైల మొదట్లో నేను ఊరి చర్చి బడిలో పంతులమ్మను. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. అమ్మ అప్పటికే పోయింది, ఇంట్లో నేనూ నాయినా ఇద్దరమే. నాయిన వయసులో ఉండగా బావులు తవ్వేవాడు. బండ అడ్డం వస్తే తూటాలు పెట్టి పేల్చడంలో చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడు. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి ఇంకొకరి బావులు తవ్వి, చివరికి వాగు ఒడ్డున రెండున్నర ఎకరాలు కొన్నాడు. అందులో తన బావి తానే తవ్వుకున్నాడు. మా వాడలో మిగతా వాళ్ళందరూ పటేళ్ళ దగ్గర జీతం ఉన్నవాళ్ళే. సొంత భూమి, సొంత బావి ఉన్నది మా నాయన ఒక్కడికే. ఆ బావి గట్టు మీద కూర్చున్నప్పుడు ఆయన ముఖం చూడాలి, చర్చిలో కూడా అంత నెమ్మదిగా ఉండేది కాదు.

ఆ ఏడు వానలకు ముందు ఒక జీపు వచ్చింది. నలుగురు దిగి, గొలుసులు పట్టుకుని పొలాలకు అడ్డంగా నడిచారు. ఎవరినీ ఏమీ అడగలేదు. వాళ్ళు పోయాక చూస్తే గట్ల మీద సున్నం పూసిన రాళ్ళు, వాటి మీద నల్ల రంగుతో అంకెలు. మా బావి పక్కన నాటిన రాయి మీద పదిహేడు అని ఉంది. పక్క చేను ఆసామి కోపంతో తన రాయి పీకి వాగులో పడేశాడు. తెల్లారేసరికి అదే చోట, అదే అంకెతో ఇంకో రాయి ఉంది. ఎవరు పెట్టారో చూసినవాళ్ళు లేరు, కుక్కలు కూడా మొరగలేదు. ఆ తర్వాత ఎవరూ రాళ్ళ జోలికి పోలేదు.

దొరసానమ్మ మా బడికి రావడం మొదలైంది ఆ రోజుల్లోనే. సంగారెడ్డి వైపు ఒక మిషన్ దవాఖానలో ఏడాది పాటు సాయం చేయడానికి కెనడా నుంచి వచ్చిన ముసలి నర్సు. ప్రతి బుధవారం మధ్యాహ్నం మా బడి వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళు కాచి తాగాలనీ, పసిపిల్లలకు ఏం పెట్టాలనీ చెప్పేది. ఆమెకు తెలుగు రాదు. మిషన్ హాస్టల్లో చదువుకున్నందుకు నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆమె చెప్పింది నేను తెలుగులో చెప్పేదాన్ని. ఒకరోజు మా పక్కింటి అవ్వకు పసిపిల్లల ముచ్చట విని విని విసుగు పుట్టింది.

"ఎప్పుడు సూడు నీళ్ళు కాచు, నీళ్ళు కాచు. దొరసానమ్మా, నీ ఊరేందో, నీ వాళ్ళేందో జెర చెప్పరాదు?" అంది.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే దొరసానమ్మ తన సంగతి మొదలుపెట్టింది. తాను పుట్టింది కెనడాకు పడమటి సముద్రంలో ఉన్న హైడావాళ్ళ దీవుల్లో అనీ, తన తండ్రి అక్కడ పాస్టరనీ చెప్పింది. వాళ్ళు దేవదారు మాను తొలిచి ఒక్కో పడవలో యాభై మంది పట్టేంత పెద్దవి చేస్తారు. ఇళ్ళ ముందు ఆకాశమంత ఎత్తు కంబాలు నిలబెట్టి, వాటి మీద కాకి, గద్ద, ఎలుగుబంటి బొమ్మలు చెక్కుతారు. ఎవరి బొమ్మ వాళ్ళ వంశానికి గుర్తు. "మా నాయన ఆ కంబాలు నరికించాడు, అవి దేవుడికి ఇష్టం లేదన్నాడు. నరికిన మాను మా ఇంటి మెట్టుగా పడి ఉండేది. దాని మీద కాలు పెట్టి నేను బడికి పోయేదాన్ని" అంది. ఇది చెప్పేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. ఆ దీవుల చరిత్ర తానే టైపు చేసి పెట్టుకున్నానని, కావాలంటే వారం వారం కొంత చెప్తాననీ అంది. ముందుగా చదువుకుని తయారు కావడానికి ఆ కాగితాలు నాకిచ్చేది.

అదీ మొదలు. నీళ్ళు కాచే ముచ్చటకు పది మంది కూడా రాని చోటికి, హైడా కథకు ఊరు ఊరంతా వచ్చారు. మగవాళ్ళు వచ్చారు, ఊళ్ళోని పటేల్ కూడా బెంచీ వేయించుకుని కూర్చున్నాడు.

మొదటి వారం బేరాల సంగతి. ఓడల్లో వచ్చిన తెల్లవాళ్ళకు సముద్రపు నీటికుక్క తోళ్ళు కావాలి. చీనాలో ఆ తోలుకు బంగారం విలువ. హైడావాళ్ళకు ఇనుము కావాలి, ఉలులు చేసుకోవడానికి. ఒక్క ఇనుప ముక్కకు ఎన్ని తోళ్ళు ఇచ్చేవాళ్ళో చెప్తే మావాళ్ళు నోరు నొక్కుకున్నారు.

"అయ్యో, గింత అమాయకులా?" అన్నాడు పటేల్.

"అమాయకులెట్లయితరు దొరా?" అన్నాడు మా నాయన వెనక నుంచి. "తోలు మళ్ళ దొరుకుతది, ఉలి దొరకది. ఉలి లేకుంటే కంబం ఎట్ల చెక్కాలె?"

కానీ తోలు మళ్ళీ దొరకలేదు. వేటాడి వేటాడి నీటికుక్కలే లేకుండా పోయాయి.

తర్వాతి వారం ఒక ఓడ కెప్టెన్ సంగతి. ఆరేసిన బట్టలు ఏవో దొంగతనం పోయాయని వాడు ఇద్దరు హైడా పెద్దమనుషులను పట్టుకుని, ఫిరంగి బండికి కాళ్ళు కట్టేశాడు. ఒక పెద్దమనిషికి జుట్టు కత్తిరించి, ముఖానికి రంగు పూసి వదిలాడట. ఆ తర్వాత ఆ మనిషికి సొంత జనంలోనే విలువ లేకుండా పోయింది. పోయిన పరువు తెచ్చుకోవడానికి అతను మనుషులను కూడగట్టి అదే ఓడ మీదికి ఎక్కాడు. ఒక ఆడమనిషి తాళ్ళు పట్టుకుని పైకెక్కి, "వెనక్కి రాకండి" అని మగవాళ్ళను అదిలించింది. తుపాకులు పేలాయి. అందరికన్నా చివరగా దూకింది ఆమే, నీళ్ళలో పడ్డాక కూడా కాల్చారు.

"నా తల్లే!" అంది అవ్వ, కొంగు నోట్లో కుక్కుకుని.

మా నాయన లేచి బయటికి పోయాడు. ఎవరి జుట్టు ఎవరు కత్తిరించారో, ఎవరిని కంబానికి కట్టేశారో మా వాడలో పెద్దవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అవన్నీ చేసింది ఏ ఓడవాడో కాదు, ఆ బెంచీ మీద కూర్చున్నవాడి తండ్రే. పటేల్ నేల చూపులు చూశాడు.

మూడో వారం చెప్పిందే మా కొంప ముంచింది. హైడావాళ్ళ దీవిలో ఒకచోట బండలో బంగారం బయటపడింది. పెద్ద కంపెనీవాళ్ళు ఓడ వేసుకుని వచ్చి, బండకు మందు పెట్టి పేల్చడం మొదలుపెట్టారు. హైడావాళ్ళు ఏం చేశారంటే, పేలేదాకా పక్కన నిలబడడం, పేలగానే ఒక్కసారిగా మీదపడి రాళ్ళన్నీ ఎత్తుకుపోవడం. పని కంపెనీవాళ్ళది, బంగారం వీళ్ళది! అడ్డమొచ్చినవాళ్ళను కాళ్ళు పట్టి లాగేశారు. కొన్నాళ్ళు చూసి, ఇక లాభం లేదని కంపెనీ ఓడ వెళ్ళిపోయింది. మావాళ్ళు నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "భలే మన హైడోళ్ళు!" అని ఒకరి తొడ మీద ఒకరు చరుచుకున్నారు. ఆ వారం కాగితాలు అక్కడికే ఉన్నాయి.

సరిగ్గా ఆ తర్వాతే మా ఊరి గుట్ట మీద కాంట్రాక్టర్ దిగాడు. ఫ్యాక్టరీ పునాదికీ ప్రహరీకీ గుట్ట రాయి కావాలట. ఎర్రజెండాలు పాతారు, ఈల వేశారు, తూటాలు పేల్చారు. పొద్దునా సాయంత్రమూ భూమి అదిరేది. బడి గోడ సున్నం పిల్లల పలకల మీద రాలేది. గొర్రెలు మేత మానేశాయి. ఒక బాలింతకు పాలు ఎండిపోయాయని ఆడవాళ్ళు చెప్పుకున్నారు, అది నిజమో భయమో నాకు తెలియదు.

ఎవరు మొదట అన్నారో గుర్తులేదు గానీ, అందరి నోటా ఒకటే మాట: హైడోళ్ళు చేసినట్టు చేద్దాం. గుట్ట మనది, రాయి మనది. వాళ్ళు పేల్చనీ, మనం మోసుకుపోదాం. తూటాల సంగతి తెలిసినవాడు మా నాయన ఒక్కడే కాబట్టి ఆయనను ముందు నిలబెట్టారు. మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒక షరతు పెట్టాడు: "నేను ఉరుకుమనేదాంక ఒక్కలు కూడ కదలొద్దు."

మొదటి రోజు నాలుగు పేలాయి. నాయిన చెయ్యి ఎత్తాడు. ఆడా మగా కలిసి వంద మంది గంపలతో పడ్డారు. కాంట్రాక్టర్ మనుషులు తేరుకునేలోపు రాయి మా పొలాల గట్ల మీద గుట్టలుగా పడింది. లారీ ఖాళీగా పోయింది. నేనూ మోశాను, ఎందుకు మోయను! రెండు రోజులు నడుము పట్టేసింది.

మూడో రోజు జరిగింది మాత్రం వేరు. పేలుళ్ళు అయ్యాయి, దుమ్ము లేచింది, జనం గంపలు ఎత్తారు. నాయిన రెండు చేతులూ బారజాపి అడ్డం నిలబడ్డాడు.

"ఉరకకుండ్రి! నాలుగే మోగినయ్."

"నాలుగే గద పెట్టింది!" అన్నాడు పటేల్ కొడుకు.

"ఐదు పెట్టిండ్రు. నేను రంధ్రాలు లెక్కవెట్టిన. ఐదోది మోగలె."

ఎండలో నిలబడ్డాం. కాంట్రాక్టర్ మనుషులు కూడా ఏమీ అనకుండా దూరం నుంచి మమ్మల్నే చూస్తున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఎంతసేపు నిలబడ్డామో, పటేల్ కొడుక్కి ఓపిక అయిపోయి ఒక అడుగు వేశాడు. నాయిన వాడి రెట్ట పట్టుకున్నాడు. మా వాడ మనిషి పటేల్ కొడుకు ఒంటి మీద చెయ్యి వేయడం అదే మొదలు. అప్పుడు మోగింది ఐదోది. ముందు రోజు మేం రాళ్ళు ఏరుకున్న చోటు మొత్తం పైకి లేచింది.

ఆ తర్వాత రెండు రోజులకు కాంట్రాక్టర్ సామాను లారీకి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పటేల్ మా నాయనను తన ఇంటి అరుగు మీదికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ ఇప్పించాడు. "పెద్దమనిషీ" అన్నాడు. అరవై ఏళ్ళలో మా నాయనను ఆ ఇంట్లో ఎవరూ అలా పిలవలేదు. నాయిన ఇంటికొచ్చి పడుకున్నాడు. కానీ నిద్రపోలేదు, సన్నగా పాట పాడుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

గుట్ట గొడవలో కథ ఆగిపోయింది; దొరసానమ్మ ఇచ్చి పోయిన మిగతా కాగితాలు నేను ఆ మర్నాడే చదివాను. బడి వదిలాక, పిల్లలందరూ పోయాక, వరండాలో ఒక్కదాన్నే కూర్చుని. ఓడ మళ్ళీ వచ్చింది. ఇంకా ఓడలు వచ్చాయి. వాటి వెనక ఫిరంగుల ఓడలు వచ్చాయి. ఆ దీవులు ఇక ఇంగ్లండు రాణిగారివని, అక్కడ ఫలానా దొర అధికారి అని ఒక కాగితం పుట్టింది. ఆ కాగితం సంగతి దీవుల్లోవాళ్ళను ఎవరూ అడగలేదు. కొన్నేళ్ళకు, బతుకుతెరువు కోసం తెల్లవాళ్ళ పట్నానికి పోయిన హైడావాళ్ళకు అమ్మవారు పోసింది. పట్నం అధికారులు టీకాలు వేయించి కాపాడాల్సింది పోయి, గుడారాలు తగలబెట్టి, తుపాకులు చూపించి పడవలెక్కించి తరిమేశారు. రోగం పడవల్లో వాళ్ళతోపాటే ఇంటికి చేరింది. దారిలో ఆగిన ప్రతి ఊరికీ అంటింది. చివరికి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ. కంబాలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి ముందు మనుషులు లేరు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. పై బుధవారం ఇదంతా చెప్పాలి కదా అనుకుంటూ ఇంటికి పోయాను.

ఆ బుధవారం దొరసానమ్మతోపాటు గిర్దావర్ కూడా వచ్చాడు. తహసీల్ ఆఫీసు మనిషి. బగల్లో కాగితాలు, చేతిలో సిరా డబ్బా. వచ్చీ రాగానే బెంచీ మీద కూర్చుని జనానికి చెప్పాడు:

"ఇగ వినుండ్రి. భూమి ఎట్లైనా పోతది, అండ్ల మాట లేదు. రాజీగ ముద్రలేసినోళ్ళకు వాగు అవతల సర్కారు భూమి ఇస్తరు, ఎకరానికి ఎకరం. శనారం దాంకనే టైము. ఎయ్యనోళ్ళకు భూమికి బదులు భూమి లేదు. తర్వాత నా దగ్గర ఏడిస్తే ఫాయిదా లేదు."

వాగు అవతల భూమి రాళ్ళ భూమే. కానీ భూమి. అందరూ మా నాయన వైపు చూశారు, పటేల్‌తో సహా. ఐదో తూటా తర్వాత ఆయన మాట మీద అంత గురి. నాయిన లేచి దొరసానమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నేను ఒకటి అడుగుత, దొరసానమ్మకు చెప్పు. కంపెనోళ్ళ ఓడ పోయింది. సరే. నాలుగు మోగినయ్, ఐదోది సంగతి తెల్వాలె నాకు. ఆ ఓడ మళ్ళ వచ్చిందా?"

"ఏందీ కథలు?" అని గిర్దావర్ విరుచుకుపడ్డాడు. "ఏయ్ ముసలోడా, ఓడ లేదు, గీడ లేదు. ముద్ర ఏస్తవా, ఎయ్యవా? పంతులమ్మా, నీకన్న అకల్ ఉండాలె. బడి చెప్పుమంటే జనాన్ని ఖరాబ్ చేస్తున్నవ్. నీ నౌకరీ సంగతి కూడ చూపిస్త."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా నాయనను ముసలోడా అన్నందుకు. ఆయన కళ్ళలో ఆ నెమ్మది, అరుగు మీద చాయ్ తాగి వచ్చిన రోజు పాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. దొరసానమ్మను ఇంగ్లీషులో అడిగాను. ఆమె మా నాయన ముఖంలోకి చూస్తూ నిదానంగా, "ఎస్" అంది. తల ఊపింది. ఫిరంగులతో వచ్చిందనీ, ఇంకా చాలా వచ్చాయనీ చెప్పింది.

నేను జనం వైపు తిరిగాను. "రాలేదు. ఆ ఓడ మళ్ళీ రాలేదు" అన్నాను.

జనం కేకలు పెట్టారు. ఎవరో ఈల వేశారు. గిర్దావర్ సిరా డబ్బా మూసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. దొరసానమ్మ ఆ సంబరం చూసి తికమకపడి, "నేను చెప్పింది చెప్పావా?" అని అడిగింది. చెప్పానన్నాను. ఒక్క నిమిషంలో రెండు భాషల్లో రెండు అబద్ధాలు! ఛీ, నా నోట్లో మన్ను పడ. నాయిన మాత్రం కేకలు వేయలేదు. దొరసానమ్మకు దండం పెట్టి, మెల్లగా పొలం వైపు నడిచాడు.

కేకలు పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే చల్లబడ్డారు. గురువారం ఇద్దరు, శుక్రవారం ఆరుగురు ఆఫీసుకు పోయి ముద్రలు వేసి వచ్చారు. పటేల్ కూడా సంతకం పెట్టేశాడు. పెట్టి, నేరుగా మా ఇంటికొచ్చాడు. మా గడప తొక్కడం అదే మొదలు.

"కథను పట్టుకొని భూమి పోగొట్టుకుంటవా? నడువు, నా బండిల తీస్కపోత" అన్నాడు.

"నా బిడ్డ రాలేదన్నది గద దొరా. ఇగ నేను ముద్ర ఎట్లేస్త?" అన్నాడు నాయిన.

ఆ రాత్రి అన్నం పెడుతూ, "నాయినా, పోనీ ముద్ర వెయ్యరాదు" అన్నాను.

"ఎందుకు? ఓడ రాలేదంటివి గద?"

నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని. ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఊళ్ళో అందరి ముఖం మీదా నిజాలు కొట్టే పంతులమ్మకు, కన్నతండ్రికి ఒక్క నిజం చెప్పడం చేతకాలేదు. "ఊరికే అన్న" అన్నాను. నాయిన తల వంచుకుని తిన్నాడు. శనివారం వచ్చింది, నాయిన తప్ప మిగిలినవాళ్ళందరితో ముద్రలు వేయించుకుని పోయింది.

జొన్న కంకి పాలు పోసుకునే వేళకు వచ్చారు. రెండు జీపులు, పోలీసుల వ్యాను, ఒక బుల్డోజర్. మా పొలంలో పంట ఉందని చెప్పబోతే పోలీసాయన నన్ను కర్రతో పక్కకు నెట్టాడు. బావి పూడ్చడానికి మట్టి ఎక్కడి నుంచో తేవలసిన అవసరం కూడా లేకపోయింది. మేం గుట్ట నుంచి మోసుకొచ్చి గట్ల మీద పోసిన రాళ్ళు ఉన్నాయి కదా. వాటినే నెట్టారు. ఒక్కో రాయి నీళ్ళలో పడుతుంటే నాయిన ఆ చప్పుళ్ళు వింటూ నిలబడ్డాడు. తర్వాత నీళ్ళ చప్పుడు ఆగిపోయి, రాయి మీద రాయి పడ్డ చప్పుడు మొదలైంది. అప్పుడు ఇంటికి పోదాం పద అన్నాడు.

దొరసానమ్మ చలికాలంలో వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. గుట్టను రెండేళ్ళలో చదును చేశారు. ఫ్యాక్టరీ గొట్టం లేచింది. వాగులో నీళ్ళు ఒకరోజు పచ్చగా, ఒకరోజు ఇటుక రంగులో వచ్చేవి. చేపలు తేలాయి. తాగిన బర్రె ఒకటి నురగలు కక్కి చచ్చింది. వాగు అవతల భూములు దొరికినవాళ్ళు ఆ నీళ్ళు పారించలేక బావులు తవ్వించుకోవడం మొదలుపెట్టారు. బావులు తవ్వడానికి పిలిచింది ఎవరిని? మా నాయననే. అరవై దాటిన మనిషి మళ్ళీ గడ్డపార పట్టి, ఇంకొకరి భూమిలో ఇంకొకరి బావిలోకి దిగాడు. నేను బడి మధ్యలో ఇంటికి పోయి సద్ది కట్టుకుని తీసుకెళ్ళేదాన్ని.

ఒక మధ్యాహ్నం పటేల్‌కు ఇచ్చిన భూమిలో, సగం తవ్విన బావి గట్టు మీద కూర్చుని తింటున్నాడు. అరచేతుల్లో బొబ్బలు పగిలి, అన్నం కలుపుతుంటే పులుసు తగిలి మండుతోంది. చెయ్యి దులుపుకుని మళ్ళీ కలుపుతున్నాడు. ఇక నా వల్ల కాలేదు. మూడేళ్ళు కడుపులో పెట్టుకున్నది కక్కేశాను.

"నాయినా, ఆ రోజు నేను అబద్ధమాడిన. ఆ ఓడ మళ్ళ వచ్చింది."

"ఎరుకే" అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడెరుక?"

"ఆ రోజే. ఆమె ఎస్ అన్నది, తలకాయ ఊపింది. మిషన్ బంగ్లాల రెండేండ్లు బావి తవ్విన, ఎస్సుకు నోకు ఫరక్ తెల్వదా నాకు?"

"తెలిసి కూడ ఎందుకెయ్యలె ముద్ర? అందరు ఏసిండ్రు గద నాయినా! ఎందుకెయ్యలె?" నేను అరుస్తున్నాను. బావిలో ఉన్న కూలీలు పైకి చూశారు.

"వేరేటోళ్ళు ఏస్తే ఏంగాదు. ఓడ సంగతి అడిగింది నేను గద. నేను ఏస్తే, నా బిడ్డ పది మంది ముంగట అబద్ధమాడిందని నేనే సాటిచ్చినట్టయితది" అన్నాడు. "నువ్వే చెప్తవేమోనని శుక్రారం దాంక చూసిన. చెప్పకపోతివి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బతికి ఉండేదాన్ని. గిన్నె నా వైపు జరిపి, "ఇంకింత పచ్చిపులుసు పొయ్యి" అన్నాడు. పోశాను.